అరవై మూడో పేజీ

స్పైరల్ తీగ సగం ఊడి వేలాడుతోంది.
అట్ట మీద అంబులెన్స్ బొమ్మ,
నాలుగు చక్రాలూ నాలుగు సైజులు,
ఆరో తరగతి పిల్లవాడెవడో గీశాడు.
కింద, సైక్లోస్టైల్ అలుకుపోతలో:
హాల్వర్ క్రీక్ మహిళల వంటలు, 1971.
వెల రెండు డాలర్లు. ప్రతి సెంటూ బండికే.

ఈ రాత్రి నలుగురొస్తున్నారు భోజనానికి.
బయట మైనస్ ఇరవై ఆరు.
సస్కాచెవాన్‌లో ఈ చలికి
కారుక్కూడా కరెంటు తీగ తగిలించి పడుకోబెడతాం.
నాకు పెద్ద వంటలు రావు.
ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన చేతులివి,
గరిటె పట్టినా మలుపు తిప్పబోతాయి.
ఈ పుస్తకమైతే నన్ను కసురుకోదు.
"ఇంట్లో ఏముంటే అది వేయండి" అంటుంది మిసెస్ హెన్రీ వీబ్.
"ఓవెన్‌లో పెట్టి పాలు పితికి రండి,
వచ్చేసరికి ఉడుకుతుంది" అంటుంది మిసెస్ వాల్టర్ పిడ్‌హిర్నీ.
ఆవులెన్నో చెప్పదు.

అందరూ ఇలాగే, మొగుడి పేరు కప్పుకుని
పేజీకొకరు నిలబడ్డారు.
సొంత పేరున్నది ఒక్కరికే.
చివరి అట్ట లోపల, చిన్నక్షరాల్లో:
టైపు చేసినది, ఇర్మా క్లాసెన్.

అరవై మూడో పేజీ.
మిసెస్ ఎల్మర్ టోఫ్టె గారి రూబార్బ్ కేక్.
పళ్లు పులిసే ఎర్ర కాడలు, మజ్జిగ, గోధుమరంగు పంచదార.
యాభై ఏళ్లుగా ఈ ఊళ్లో ఎవరు చేసినా
పొంగలేదు.
ఆవిడ చేస్తే మాత్రం దూది.
చర్చి నేలమాళిగలో, చావుల తర్వాత కాఫీల్లో,
ఆ దూదినే రెండేసి ముక్కలు తిని
మూతి తుడుచుకుంటూ అనుకునేవారు:
ఏదో దాచింది, చూశావా,
ధర్మానికిచ్చిన దాంట్లో కూడా.
ఆవిడ విన్నదో లేదో.
ఇంకో ముక్క వేసేది.

నేనూ చేశాను ఇవాళ. పొంగలేదు.
క్రీము కప్పి బల్ల మీద పెట్టాను.
వచ్చినవాళ్లు బూట్లు విప్పి, మంచు దులిపి,
క్యాసెరోల్ గిన్నె అడుగు గీకేదాకా తిన్నారు.
అప్పుడు ఇర్మా, తొంభై ఒకటో ఏట,
తను తెచ్చిన బీట్‌రూట్ పచ్చడి సీసా పక్కకి జరిపి
కేకుని చెంచాతో ఒకసారి తట్టింది.
తలుపు తట్టినట్టు.

"ఇందులో సోడా ఉండాలి" అంది.
"నేనే తీసేశాను."

స్టెన్సిల్‌లో ఒక్క వరస చాల్లేదట.
ఆ పేజీ అడుగున లిండ్‌క్విస్ట్ అంత్యక్రియల వారి ప్రకటన.
పదిహేను డాలర్లు.
"చెంచాడు సోడానా, బండికి టైరా?
రేపు చెబుదామనుకున్నాను ఆవిడకి.
ఆ రేపు పెద్దదైపోయింది."

ఎవరమూ మాట్లాడలేదు. ఫర్నేసు ఒకసారి దగ్గి ఆగింది.

"మూడో చలికాలం అదే బండిలో తీసుకెళ్లాం ఒటీలియాని.
వెనక నేనే కూర్చున్నాను.
తొంభై కిలోమీటర్లు. మంచు.
చెప్పేద్దామని చెయ్యి పట్టుకున్నాను.
ఆవిడే అడిగింది ముందు:
'ఓవెన్ ఆపానా?'
'నేను ఆపి వచ్చాన్లే' అన్నాను.
వాళ్ల వంటింట్లోకి అడుగే పెట్టలేదు నేను."

ఒటీలియా. ఆ పేరు నేను వినడం అదే మొదలు.

కేకు అయిపోయింది, ఇటుక ఇటుకగా.
ఆకలి రుచెరగదంటారు గానీ
అప్పటికి మాకు ఆకలి కూడా లేదు.

ఇర్మా పెన్సిల్ అడిగింది.
మజ్జిగకీ పిండికీ మధ్య ఇరికించబోయింది.
అక్కడ పాత వెన్న మరక. గీత పడలేదు.
నాలుకతో మొన తడిపి మళ్లీ.
పడలేదు.
కళ్లద్దాలు సర్దుకుని, కిందికి దిగి,
లిండ్‌క్విస్ట్ వారి శవపేటిక బొమ్మ మీద
పెద్దక్షరాలతో రాసింది:
ఒక టీస్పూను వంటసోడా.